పైలట్లకు తోటి పైలట్ల అండ: కంపెనీ నడిపేదా, యూనియన్‌దా, బయటి సంస్థదా?

మనసు బాగోలేని పైలట్‌ని నోరు విప్పనివ్వనిది చాలావరకు ఒకే భయం: చెబితే మెడికల్ (ఎగరడానికి ఫిట్ అని ఇచ్చే సర్టిఫికెట్) పోతుందేమో, మెడికల్ పోతే జీతం ఆగిపోతుందేమో. 2016లో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన సర్వేలో పేరు చెప్పకుండా జవాబిచ్చిన 1,848 మంది పైలట్లలో 12.6 శాతం మంది డిప్రెషన్ హద్దు దాటి ఉన్నారు. 4.1 శాతం మందికి అంతకుముందు రెండు వారాల్లో చావు ఆలోచనలు వచ్చాయి. 2022లో అమెరికాలో 3,765 మంది పైలట్ల సర్వే ఒకటి వెలువడింది. మెడికల్ పోతుందన్న భయంతో ఏదో ఒక రూపంలో వైద్యానికి దూరంగా ఉన్నామని అందులో 56.1 శాతం మంది ఒప్పుకున్నారు. అంటే బాధ ఉంది, వైద్యమూ ఉంది, మధ్యలో దారి లేదు.

ఆ దారి వేసేదే పీర్ సపోర్ట్. కాక్‌పిట్ పని తెలిసిన మరో పైలట్ కొద్ది రోజుల శిక్షణ తీసుకుని, వెనక ఒక సైకాలజిస్ట్ అండ పెట్టుకుని, మీ మాట వింటారు. జబ్బుకు పేరు పెట్టరు. ఫిట్ అనీ అన్‌ఫిట్ అనీ తేల్చరు. మీ సమస్యకు ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెళితే లైసెన్స్ పరంగా ఏమవుతుంది అన్నది మీతో కలిసి ఆలోచిస్తారు.

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525 విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ పర్వతాల్లో కూల్చడంతో 150 మంది చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ బీఈఏ నివేదిక తప్పంతా ఒక మనిషి మీద నెట్టి ఊరుకోలేదు. అతన్ని చూసిన డాక్టర్లలో ఒక్కరూ అధికారులకు చెప్పలేదనీ, ఫ్లయింగ్ ఆగితే ఆదాయం పోతుందన్న భయానికి సరైన బీమా లేదనీ రాసింది. పీర్ సపోర్ట్ బృందాలు పెట్టాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత యూరప్‌లో 2018/1042 నంబరు నిబంధన వచ్చింది. 2021 ఫిబ్రవరి 14 నుంచి అక్కడి ఎయిర్‌లైన్స్ శిక్ష భయం లేని సపోర్ట్ ప్రోగ్రాం అందుబాటులో ఉంచడం తప్పనిసరి. భారత్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి మెడికల్ సర్క్యులర్‌లో పీర్ సపోర్ట్ పెట్టమని సంస్థలకు సలహా ఇచ్చింది. అమెరికాలో ఈ పని ఎక్కువగా యూనియన్ల చేతుల్లో ఎదిగింది.

నిబంధన ఉన్నంత మాత్రాన ఫోన్ మోగదు. ఆడిట్‌లో అన్ని గళ్లూ టిక్ పడి, ఏడాదికి ఇద్దరు కూడా ఫోన్ చేయని ప్రోగ్రాం నడుస్తున్నట్టు లెక్క కాదు. పద్ధతుల్ని పోల్చేటప్పుడు మా కొలబద్ద ఒక్కటే: ఫోన్ చేసిన పైలట్ పేరు ఎంతమందికి తెలుస్తుంది, ఏ కంప్యూటర్‌లో మిగులుతుంది? మిగతావన్నీ దీని తర్వాతే.

కంపెనీ నడిపే ప్రోగ్రాం

దీని బలం రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు ఎగరాలో చెప్పే డ్యూటీ పట్టిక. రేపు ఉదయం ఐదింటి ఫ్లైట్ చేయలేని స్థితిలో పైలట్ ఉంటే, పది నిమిషాల్లో ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించగలిగేది కంపెనీ ఒక్కటే. పీర్లకు శిక్షణ రోజుల్ని డ్యూటీగా లెక్కగట్టేదీ, సైకాలజిస్ట్ ఫీజు కట్టేదీ అదే. ఖర్చుకు వెనకాడని మేనేజ్‌మెంట్ దొరికితే ఈ పద్ధతిలో పనులు చకచకా జరుగుతాయి.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఫోన్ నంబరు కంపెనీది, ఈమెయిల్ కంపెనీది, యాప్‌లోకి వెళ్లాలంటే స్టాఫ్ ఐడీ కొట్టాలి. ఐటీ విభాగం చూడకపోవచ్చు, కానీ చూడగలదని పైలట్‌కి తెలుసు. అది చాలు, ఫోన్ చేయకుండా ఉండటానికి. రెండో చిక్కు మేనేజర్ల ఆరా. 'పేరొద్దు, ఏ ఫ్లీట్‌లో (ఏ రకం విమానాల బృందంలో) ఎవరికి ఏ సమస్యో చెప్పండి చాలు' అంటారు. అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అరవై మంది ఉన్న ఫ్లీట్‌లో 'ఒక కెప్టెన్, విడాకుల గొడవ' అంటే పేరు చెప్పినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా ఈ పద్ధతిని దెబ్బతీసేది పీర్ల ఎంపిక. చీఫ్ పైలట్ మెచ్చినవాళ్లనీ, పైలట్లకు పరీక్షలు పెట్టే చెక్ కెప్టెన్లనీ పీర్లుగా పెడతారు. ఆరు నెలల తర్వాత సిమ్యులేటర్‌లో తనకు మార్కులు వేసే మనిషికి 'నాకు ఇంజిన్ ఫెయిల్యూర్ అంటే గుండె దడగా ఉంటోంది' అని ఏ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) చెప్పుకుంటాడు? పరీక్ష పెట్టేవాళ్లు, డిసిప్లిన్ చూసేవాళ్లు, రోస్టర్ వేసేవాళ్లు పీర్లుగా ఉండకూడదు. పీర్‌గా ఉన్నవాళ్లు ఆ పదవుల్లోకి వెళితే పీర్ బాధ్యత వదులుకోవాలి. ఇది రాతపూర్వకంగా లేకపోతే కంపెనీ ప్రోగ్రాంని ఎంచుకోవద్దనే మా సలహా.

యూనియన్ లేదా పైలట్ల సంఘం నడిపేది

నమ్మకం ఇక్కడ పుట్టుకతోనే ఉంటుంది. అమెరికాలో మద్యం సమస్య ఉన్న పైలట్లను వైద్యం చేయించి తిరిగి కాక్‌పిట్‌లోకి తెచ్చే హిమ్స్ కార్యక్రమం 1970ల నుంచి యూనియన్, కంపెనీ, నియంత్రణ సంస్థ కలిసి నడుపుతున్నాయి. దాచుకుంటే ఉద్యోగం పోయే చోట, ముందుకొస్తే ఉద్యోగం దక్కే దారి అది చూపించింది. ఆ అనుభవం మానసిక ఆరోగ్యానికీ పనికొచ్చింది.

లోపాలు మూడు. సంఘంలో సభ్యత్వం లేనివాళ్లు తమకు అది వర్తించదనుకుంటారు. అందరికీ తెరిచి ఉందని పోస్టర్ మీదే పెద్ద అక్షరాల్లో రాయాలి. జీతాల చర్చలు వేడెక్కిన ఏడాదిలో మేనేజ్‌మెంట్, సంఘం ముఖాలు చూసుకోవు. సరిగ్గా పైలట్లకు ఒత్తిడి ఎక్కువయ్యే ఆ రోజుల్లోనే ప్రోగ్రాం కుంటుపడుతుంది. అందుకే పీర్ సపోర్ట్ ఒప్పందాన్ని జీతాల ఒప్పందంతో ముడిపెట్టకుండా విడిగా రాసుకోవాలి. మూడోది పాత్రల గందరగోళం: డిసిప్లిన్ కేసులో మీ తరఫున వాదించే ప్రతినిధి, మీ మనసులో మాట విన్న పీర్, ఇద్దరూ ఒకరే కాకూడదు. వాదించేటప్పుడు విన్నది నోరు జారుతుంది.

రోస్టర్ మీద యూనియన్‌కు చేయి లేదు. కాబట్టి కంపెనీతో ముందే ఒక కిటికీ ఏర్పాటు చేసుకోవాలి. ప్రోగ్రాం అధిపతి ఒక నిర్ణీత నంబరుకు ఫోన్ చేసి 'ఫలానా ఉద్యోగిని రేపటి నుంచి నాలుగు రోజులు తప్పించండి' అంటే, కారణం అడగకుండా తప్పించాలి. రోస్టర్‌లో పడే కోడ్ మామూలు సిక్ లీవ్‌దే అయ్యుండాలి. పీర్ సపోర్ట్‌కి వేరే కోడ్ పెట్టారంటే, క్రూ యాప్ తెరిచిన ప్రతివాళ్లకీ విషయం తెలిసిపోయినట్టే. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్రోగ్రాంని చంపడానికి ఈ ఒక్క కోడ్ చాలు.

బయటి సంస్థ నడిపేది

జర్మనీలో 1994 నుంచి పనిచేస్తున్న మేడే ఫౌండేషన్ లాంటి స్వతంత్ర సంస్థలు ఈ కోవలోవి. ఫోన్ లైను, రికార్డులు, సైకాలజిస్టులు, పీర్ల శిక్షణ అన్నీ వాళ్ల దగ్గరే. రెండు మూడు చిన్న ఆపరేటర్లు కలిసి ఒకే సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చు. ముప్పై మంది పైలట్లున్న చార్టర్ కంపెనీలో అందరికీ అందరూ తెలుసు. అక్కడ లోపలి పీర్ అన్న మాటకే అర్థం లేదు. పక్క కంపెనీ పైలట్‌తో మాట్లాడటమే నయం.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పీర్‌కి మీ సంస్థ లోగుట్టు తెలియదు. 'కొత్త రోస్టర్ సాఫ్ట్‌వేర్ వచ్చాక వరసగా నాలుగు తెల్లవారుజాము ఫ్లైట్లు' అంటే లోపలి మనిషికి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. బయటివారికి విడమరచి చెప్పాలి. ఇంకొకటి, ఫీజు కట్టేది కంపెనీయే కాబట్టి దానికి ఏం రిపోర్టు వెళుతుందో ఒప్పందంలో చూసి తీరాలి. ఎన్ని ఫోన్లు వచ్చాయి, స్థూలంగా ఏ రకం సమస్యలు అన్నంత వరకే వెళ్లాలి. ఒక్కో రకంలో ఐదారు కేసులైనా లేనప్పుడు విడగొట్టి చూపకూడదు. చిన్న కంపెనీలకు మూడు నెలల నివేదిక వద్దు, ఏడాదికి ఒకటి చాలు. ఒప్పందం ముగిస్తే పాత రికార్డులు ఎవరికి చేరతాయో కూడా అందులో ఉండాలి. చాలా ఒప్పందాల్లో ఈ వాక్యం కనిపించదు.

మేము దేన్ని ఎంచుకుంటాం

కొన్ని వందల మంది పైలట్లు, పనిచేసే సంఘం ఉన్న చోట సంఘం, కంపెనీ ఉమ్మడిగా నడిపి, ఫోన్ లైను, రికార్డులు, సైకాలజిస్ట్ మాత్రం బయట పెట్టుకునే పద్ధతి అన్నిటికన్నా మేలు. వంద మందికి లోపు అయితే నేరుగా బయటి సంస్థ. సంఘం లేని పెద్ద కంపెనీలో సొంత ప్రోగ్రాం తప్పనిసరైతే, పీర్లను పైలట్లే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. ప్రోగ్రాం అధిపతి చీఫ్ పైలట్‌కీ హెచ్ఆర్‌కీ జవాబుదారీ కాకూడదు. ఈ రెండూ ఇవ్వడానికి ఇష్టపడని కంపెనీ ఆ డబ్బు బయటి సంస్థకు ఇవ్వడం మంచిది.

పీర్ల సంఖ్యకు సూత్రమేమీ లేదు. వంద మందికి ఒకరు చొప్పున మొదలుపెట్టొచ్చు, అయితే ఏ బేస్‌లోనూ (పైలట్లు డ్యూటీ మొదలుపెట్టే ఊరిలోనూ) ఒక్కరే మిగలకూడదు. కెప్టెన్లు, ఫస్ట్ ఆఫీసర్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, వేర్వేరు ఫ్లీట్లవాళ్లు ఉండాలి. ఫోన్ చేసినవారు తమకు తెలియని పీర్‌ని కోరుకునే వీలుండాలి. మొదటి శిక్షణ రెండు మూడు రోజులు, ఆపై ఏటా ఒక రోజు. నెలకోసారి పీర్లంతా సైకాలజిస్ట్‌తో కూర్చుని, పేర్లు లేకుండా కేసులు చర్చించుకోవాలి. ఈ సమావేశం లేని చోట పీర్లే అలసిపోయి తప్పుకుంటారు, లేదా తమకు తెలియకుండానే కౌన్సెలర్ వేషం కట్టేస్తారు. రెండోది మరింత ప్రమాదం. మూడు నాలుగు సార్లు మాట్లాడినా తేలని సమస్యను పీర్ తన దగ్గరే ఉంచుకోకూడదు.

మొదటి ఫోన్ ఎలా ఉండాలి

మంచి పీర్ మొదట అడిగేవి మూడు ప్రశ్నలు: 'ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా? మీ తర్వాతి ఫ్లైట్ ఎప్పుడు?' మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రేపు ఉదయమే ఫ్లైట్ ఉంటే మాట తీరు వేరు, వారం సెలవులో ఉంటే వేరు. ఆ వెంటనే గోప్యతకు హద్దు చెప్పేస్తారు: 'మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీకో, మరొకరికో ప్రాణాపాయం కనిపిస్తే మాత్రం ఊరుకోలేను. అప్పుడు కూడా మొదట మీకే చెబుతాను.' ఈ మాట విన్నాక కొందరు జంకుతారు, నిజమే. అయినా అంతా విన్నాక హద్దు చెప్పడం మోసం. అలా ఒక్కసారి జరిగినా ఆ బేస్‌లో ఇంకెవరూ ఫోన్ చేయరు.

ఆ తర్వాత వినడమే. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి, మద్యం, మందులు, ఇంట్లో పరిస్థితి, ఇవి మాటల మధ్యలోనే తెలుసుకుంటారు, ఫారం నింపించరు. చావు ఆలోచన వాసన తగిలితే డొంకతిరుగుడు లేకుండా 'చనిపోవాలనిపిస్తోందా?' అని అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఫోన్ పెట్టేసే ముందు మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో రోజు, గంట ఖాయం చేసుకుంటారు. కాగితం మీద మిగిలేది ఒక కోడ్ నంబరు, తేదీ, సమస్య రకం, అంతే. చాలా దేశాల్లో పీర్‌తో మాటలకు డాక్టర్‌తో మాటలకున్న చట్టరక్షణ లేదు. కోర్టు అడిగితే నోట్సు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి, లేని నోట్సే మంచివి.

ప్రమాదం నిజంగానే కనిపిస్తే ఒక్కసారిగా గంట కొట్టరు. మొదటి మెట్టు పైలట్ తనంతట తానే సిక్ చెప్పేలా ఒప్పించడం. చాలావరకు ఇక్కడే పని జరిగిపోతుంది. కుదరకపోతే పీర్ సైకాలజిస్ట్‌ని లైన్‌లోకి తెస్తారు. ఆయన మాటా వినకుండా ఫ్లైట్‌కి బయల్దేరితేనే ప్రోగ్రాం అధిపతి కంపెనీ కిటికీకి ఫోన్ చేస్తారు. అక్కడా పేరు, 'ఈరోజు ఎగరకూడదు' అన్న మాట తప్ప వివరాలు చెప్పరు. ఈ మెట్లు రాతలో లేని ప్రోగ్రాంలో, రాత్రి రెండింటికి పీర్ ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. రాత్రిపూట అందుబాటులో ఉండే సైకాలజిస్ట్ లేరంటే ఆ ప్రోగ్రాం సగమే.

పీర్ కాకుండా వేరే దారి మంచిదయ్యే సందర్భాలు

విడాకులు, అప్పులు, తల్లిదండ్రుల అనారోగ్యం, చెక్ ఫెయిలయ్యాక తగ్గిన ధైర్యం, కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా ప్రమోషన్) భయం, కాక్‌పిట్‌లో సహోద్యోగితో పడకపోవడం: వీటికి పీర్ దగ్గరికే ముందు వెళ్లండి. ఇదివరకే డిప్రెషన్‌కి మందు వాడి ఉంటే, రెండు వారాలుగా నిద్ర, ఆకలి, ఆసక్తి మూడూ పోయి ఉంటే, పీర్‌తో ఒక మాట చెప్పి నేరుగా వైద్యానికి వెళ్లడం మేలు. ఆలస్యం చేసిన కొద్దీ తిరిగి ఎగరడానికి పట్టే కాలం పెరుగుతుంది. మందు వాడితే కెరీర్ ముగిసినట్టే అన్నది పాత మాట. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2010లోనే నాలుగు రకాల యాంటీ డిప్రెసెంట్లు వాడుతున్నవారికి పరిశీలన మీద మెడికల్ ఇచ్చే దారి తెరిచింది, ఆ జాబితా తర్వాత పెరిగింది. ఎవరికీ చెప్పకుండా మందు వాడుతూ ఎగరడం మాత్రం ఏ దేశంలోనూ కాపాడే దారి కాదు.

కంపెనీలిచ్చే ఉద్యోగుల కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ కుటుంబ, డబ్బు విషయాలకు బాగుంటుంది. అవతలివారికి విమానయానం తెలియదు. 'మీ ఉద్యోగంలో ఒత్తిడి ఎక్కువ కదా, కొన్నాళ్లు సెలవు పెట్టండి' అని తేలిగ్గా అనేస్తారు. పైలట్‌కి ఆ సెలవు అర్థమేమిటో వారికి అంతుబట్టదు. అమెరికా మెడికల్ ఫారంలో గత మూడేళ్లలో వైద్యనిపుణుల్ని కలిసిన వివరాలు రాయాలి. కంపెనీ హెల్ప్‌లైన్ సంప్రదింపులకు అందులో మినహాయింపు ఉంది. ఆ సంప్రదింపు మత్తుపదార్థాల గురించైతే, లేదా సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపడానికి దారితీస్తే మినహాయింపు లేదు. మీ దేశపు ఫారంలో ఆ ప్రశ్న ఎలా ఉందో ఫోన్ చేసే ముందే చదువుకోండి. పీర్ ఆరోగ్య నిపుణుడు కాడు కాబట్టి ఆయనతో మాట్లాడిన మాట సాధారణంగా ఈ ప్రశ్న కిందికి రాదు.

మద్యం సమస్యకు మామూలు పీర్ చాలరు. అందుకోసం ప్రత్యేక కార్యక్రమం ఉంటే అక్కడికే. ఇంజిన్ మంట, రన్‌వే దాటిపోవడం, ప్రయాణికుడి మరణం లాంటి ఘటన తర్వాత క్రిటికల్ ఇన్సిడెంట్ బృందం వస్తుంది, అది వేరు. అక్కడ ఒక జాగ్రత్త: జరిగిందంతా ఒకే సిటింగ్‌లో పూసగుచ్చినట్టు చెప్పించడం వల్ల తర్వాతి మానసిక గాయం తగ్గుతుందని పరిశోధనలు చూపలేదు, కొందరికి అది కీడే చేసింది. తిండి, నిద్ర, ఇంటికి ఫోన్, మాట్లాడాలనిపిస్తే వినే మనిషి, కొన్ని వారాల తర్వాత మరోసారి పలకరింపు, ఇవి చాలు.

ఎంచుకునే ముందు పరీక్ష

పైలట్లయితే బాగున్న రోజునే ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి. పేరు చెప్పకుండా మాట్లాడనిస్తున్నారా, 24 గంటల్లో పీర్ తిరిగి ఫోన్ చేస్తారా, గోప్యత హద్దు అడగకముందే చెబుతున్నారా, రికార్డులు ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పగలుగుతున్నారా? ఒక్కదానికి తడబడ్డా ఫరవాలేదు. 'మీ స్టాఫ్ నంబరు చెప్పండి' అన్నదే మొదటి మాట అయితే వేరే దారి చూసుకోండి. ఫోన్ మీ సొంతది వాడండి, కంపెనీ వైఫై కాకుండా.

కంపెనీ తరఫున ఎంచుకునేవారు ఉద్యోగాల కోత ప్రకటించిన నెలలో ప్రోగ్రాం మొదలుపెట్టకండి, ఎవరూ నమ్మరు. పనితీరు బాగోని పైలట్‌ని 'వెళ్లి పీర్‌తో మాట్లాడు' అని పంపకండి. అది శిక్షగా మారిన మరుక్షణం మిగతావాళ్లు దూరమవుతారు. ఫోన్లు పెరిగితే కంగారుపడకండి. మొదటి ఏడాది ఫోన్లు పెరగడం నమ్మకానికి గుర్తు, పైలట్లు పాడైపోయారని కాదు.

ఇక అందరూ ఒప్పందంలో చివరికి నెట్టేసేది తిరిగొచ్చే దారి. ఏవియేషన్ డాక్టర్ దగ్గరికి పంపాక ఫైలు నెలల తరబడి కదలకపోతే, పీర్ చేసిన మంచి అంతా కరిగిపోతుంది. ఆ కాలంలో పీర్ వారానికోసారి పలకరిస్తారా, ఫైలు ఎక్కడుందో కనుక్కునే మనిషి ఒకరు ఉన్నారా, సిక్ లీవ్ అయిపోయాక జీతం ఎంతకాలం, ఎంత శాతం వస్తుంది, లైసెన్స్ పోతే ఇచ్చే బీమాలో మానసిక అనారోగ్యాన్ని మినహాయించారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని పాలసీల్లో పూర్తి మినహాయింపు, కొన్నింట్లో తక్కువ పరిహారం. ఏ పద్ధతి ఎంచుకున్నా, పీర్ల శిక్షణ మొదలయ్యేలోపు ఆ కాగితం తెప్పించుకుని, మినహాయింపు ఉంటే తీయించడానికో, వేరే పాలసీకి మారడానికో బేరం మొదలుపెట్టండి.